ఏడు రోజులు విరిగిన పాలు

శ్రావణ మాసం మొదటి రోజు పొద్దున్నే ప్రమీలాదేవి వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలు కాచాలి. అందులో ఒక మందు గోలీ పొడి కలపాలి. ఆ పాలు భర్త చేత తాగించాలి. ఆ సంగతి భర్తకు తెలియకూడదు. రెండు నెలలుగా ఆమె రోజూ చేస్తున్న పనే ఇది. ఇవాళ మారిందల్లా పొడి వేసే గిన్నె ఒక్కటే.

భర్త వెంకటనర్సయ్య ఆర్టీసీలో ముప్ఫై మూడేళ్ళు పనిచేసి, సిద్దిపేట బస్టాండులో కంట్రోలర్‌గా రిటైరయ్యాడు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో రిజిస్టర్‌లో రాయడం, ఆ మాట మైకులో చెప్పడం, డ్రైవర్ని పిలిచి కారణం అడగడం, అతను చెప్పిన కారణాన్ని నమ్మకపోవడం ఆయన ఉద్యోగం. ఇప్పుడాయనకు డెబ్బై ఒకటో ఏడు; బస్సులు ఎప్పుడో పోయాయి గానీ రిజిస్టర్ మాత్రం ఇంటికి వచ్చింది. నల్లా వచ్చిన వేళ, కరెంటు పోయిన వేళ, పాల బుచ్చయ్య మోపెడ్ గేటు ముందు ఆగిన వేళ, అన్నీ అందులోకి ఎక్కుతాయి.

ఎండాకాలం చివర్లో ఒక పెళ్ళి దావత్‌లో తిన్న మాంసం దంపతులిద్దరికీ రెండు రోజులు కడుపులోనే కూర్చుంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. కడుపు చూడడం మాని ఆమె ఇద్దరినీ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. వెంకటనర్సయ్య మూడో ప్రయత్నంలో లేచాడు. ప్రమీలాదేవి డాక్టరమ్మ బల్ల పట్టుకుని లేచింది. వయసుతోపాటు కండ కరిగిపోతుందనీ, ఇద్దరూ గుడ్డు, మాంసం, పప్పు బాగా తినాలనీ, అవి అరగడం లేదంటున్నారు గనుక ముద్దతోపాటు ఈ గోలీ వేసుకోవాలనీ చెప్పి, చెరో డబ్బా రాసిచ్చింది. మింగలేకపోతే గోలీ గొట్టం విప్పి పొడిని అన్నంలో కలుపుకోవచ్చని మందుల షాపు ప్రవీణ్ చెప్పాడు. దేంతో చేస్తారని అడిగితే, పచ్చి బొప్పాయి నుంచి తీసిన సరుకని కూడా చెప్పాడు.

ఇంటికి రాగానే ఇద్దరికీ రోషం వచ్చింది. "ముప్ఫై మూడేండ్లు బస్టాండ్ క్యాంటీన్ల తిన్న. గా మిర్చీలు అరిగినయి గని గీ గుడ్డు అరగదా?" అని వెంకటనర్సయ్య తన డబ్బాను స్కూటర్ డిక్కీలో పడేశాడు. తన తల్లి ఎనభై ఎనిమిదేళ్ళు ఒక్క గోలీ లేకుండా బతికిందని గుర్తుచేసి, ప్రమీలాదేవి తన డబ్బాను పసుపు డబ్బా వెనక్కి తోసేసింది. కొన్నాళ్ళకు చూస్తే అది అక్కడ లేదు. ఎలుక లాక్కుపోయి ఉంటుందనుకుని, పీడా పోయిందని ఊరుకుంది.

అయితే తన సంగతి వేరు, మొగుడి సంగతి వేరు. ఆ మూడో ప్రయత్నం ఆమె కళ్ళ ముందు నుంచి పోలేదు. డిక్కీలోంచి డబ్బా తీసి బియ్యం డ్రమ్ములో దాచింది. రోజుకొక గోలీ విప్పి ఆయన కోడిగుడ్డు కూరలో కలపసాగింది. నెల తిరిగేసరికి వెంకటనర్సయ్య చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచాడు. రెండో నెలలో కోమటి చెరువు చుట్టూ తిరిగే మిత్రబృందానికి ఆ విద్య రోజూ ప్రదర్శించి, ఆర్టీసీ ఒళ్ళంటే ఇదేనని చెప్పుకోసాగాడు. ప్రమీలాదేవి ఆ గొప్పంతా ఆయనకే వదిలేసింది. ఆయన ఎంత మొండివాడో ఆమెకు తెలుసు. ఈ బలం గోలీదని తెలిసిన రోజే గోలీ మానేస్తాడు, మళ్ళీ కుర్చీ చేతులు పట్టుకుంటాడు. అది చూడడం తన వల్ల కాదు.

ఆయనలో మరో మార్పు కూడా వచ్చింది. నలభై నాలుగేళ్ళ కాపురంలో గరిటె ముట్టని మనిషి, ఈ రెండు నెలలుగా పప్పు తానే వడ్డిస్తానంటున్నాడు. ఆమె కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్తాడు, పప్పు వేసుకుని వస్తాడు, ఆమె ముందు పెట్టి చివరి ముద్ద దాకా ఎదురుగా కూర్చుంటాడు. ఈ వయసులో ఇంత ప్రేమేమిటని ఆమె లోలోపల మురిసిపోయింది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. తన మోకాళ్ళు కూడా ఈమధ్య తేలికపడ్డాయి. పూజ దగ్గర గోడ పట్టుకోకుండానే లేస్తోంది. కొమురవెల్లి మల్లన్న దయ అని ఆ దిక్కు తిరిగి దండం పెట్టుకుంది.

ఇంతలో శ్రావణం వచ్చింది. నెల రోజులు ఇంట్లో గుడ్డు లేదు, మాంసం లేదు. పప్పులో కలుపుదామంటే ఆ గిన్నె ఇప్పుడు ఆయన చేతుల్లో ఉంది. మిగిలింది పాలు. అందుకే ఆ శనివారం పొద్దున, భర్త గేటు దగ్గర పోయించుకుని తెచ్చిన పాలను గంజులో పోసి, పొడి కలిపి, పొయ్యి మీద పెట్టింది. పొంగు రాకముందే పాలు ముక్కలు ముక్కలయ్యాయి.

పాలు విరగడం ప్రపంచంలో మొదటిసారి కాదు. ఆమె అందులో బెల్లం వేసి, దగ్గరికి ఉడికించి, భర్తకు పెట్టింది. కొంచెం చేదుగా ఉందంటూనే ఆయన గిన్నె నాకాడు. మందు ఎట్లాగూ లోపలికే పోయిందని ఆమె తృప్తిపడింది. రిజిస్టర్‌లో మాత్రం ఇలా పడింది: "5-42కు పాలు వచ్చినవి. 5-58కు విరిగినవి."

ఆదివారం కూడా విరిగాయి. ప్రమీలాదేవి గంజును చింతపండుతో తోమింది. సోమవారం విరిగాయి. కొత్త గంజు తీసింది. మంగళవారం కుడి పొయ్యి వదిలి ఎడమ పొయ్యి మీద కాచింది. అక్కడా విరిగాయి. ఆమెకు అన్నింటి మీదా అనుమానం వచ్చింది గానీ మందు మీద రాలేదు. మందు అరిగించేది కదా, విరగ్గొట్టేది ఎట్లా అవుతుంది?

వెంకటనర్సయ్యకు మాత్రం చాలా రోజుల తర్వాత పని దొరికింది. బుచ్చయ్యను గేటు దగ్గర ఆపి కారణం అడిగాడు. బుచ్చయ్య చిన్నకోడూరు మనిషి. ఇరవై ఆరేళ్ళుగా రెండు క్యాన్లు మోపెడ్‌కు తగిలించుకుని ఆ వాడలో పదకొండు ఇళ్ళకు పాలు పోస్తున్నాడు. మిగతా పది ఇళ్ళలో ఒక్క చుక్క కూడా విరగలేదని అతను చెప్పాడు. వెంకటనర్సయ్య అలవాటు కొద్దీ నమ్మలేదు. లోపం రెండో క్యాన్‌లో ఉందని తేల్చి, బుధవారం మొదటి క్యాన్‌లోంచి పోయించుకున్నాడు. అవీ విరిగాయి. దాంతో లోపం రెండు క్యాన్లలోనూ ఉందని తేలింది.

ఆ మధ్యాహ్నం ఆయన కోమటి చెరువు మిత్రుల వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన పెట్టాడు. "చిన్నకోడూరు నుండి వచ్చు పాలు ఐదు రోజులుగా విరుగుచున్నవి. కారణం విచారణలో ఉన్నది. ప్రయాణికులు గమనించగలరు." ప్రయాణికులు అన్న మాట చేతి అలవాటుగా పడింది గానీ, గమనించాల్సిన వాళ్ళందరూ గమనించారు. ఒకరు ఆ పాలలో సోడా ఉప్పు కలుస్తోందన్నారు. ఇంకొకరు యూరియా అన్నారు. పొద్దు వాలేలోగా ఆ పాలు తాగి ఎవరో దవాఖానలో పడ్డారని తేలింది. ఎవరన్నది మాత్రం తేలలేదు. పదకొండు ఇళ్ళలో తొమ్మిది ఇళ్ళు రేపటి నుంచి పాలు వద్దని ఫోన్ చేశాయి.

గురువారం బుచ్చయ్య పాలు పోసి వెళ్ళి, కాసేపటికి మళ్ళీ వచ్చాడు. క్యాన్లు నిండుగానే ఉన్నాయి. ఈ ఇల్లు, ఇంకో ఇల్లు తప్ప పోయించుకునే వాళ్ళు లేరు. వెంకటనర్సయ్య గేటు ముందు మోపెడ్ ఆపి, తలకు చుట్టుకున్న తువ్వాల తీసి భుజం మీద వేసుకున్నాడు.

"సారూ, ఇరవై ఆరేండ్లసంది పోస్తున్న. మీ బిడ్డ పెండ్లికి పెరుగు తోడేసింది గూడ నా పాలే. రేపు బర్రెనే తోల్కొస్త. నీ గేటు ముంగట, నీ గంజుల పిండుత. నువ్వే కాగవెట్టు. ఇరిగినయనుకో, బర్రెలను అమ్మి పాల పనే బంద్ జేస్త. ఇరగకపోతె, గా ఫోన్ల వెట్టిన మాట తీసెయ్యి. గంతే."

"టైం జెప్పు" అన్నాడు వెంకటనర్సయ్య.

"ఆరుంబావు."

ఆ సమయం రిజిస్టర్‌లోకి ఎక్కింది. వంటింటి కిటికీలోంచి విన్న ప్రమీలాదేవికి బుచ్చయ్య మొహం చూసి జాలేసింది. పొయ్యి మీద ఆనాటి పాలు అప్పటికే విరిగి ఉన్నాయి.

మధ్యాహ్నం ఆమె పక్కింటి మెహరాజ్ బేగం దగ్గర కూర్చుని ఈ గోడంతా వెళ్ళబోసుకుంది. మెహరాజ్ బేగం కబాబుల కోసం పచ్చి బొప్పాయి కాయ తురుముతోంది. అదెందుకని ప్రమీలాదేవి ఊరికే అడిగింది.

"ఇది కలిపి గంటసేపు వెడితె ఎంత ముదురు మటనైనా మెత్తగైతది అక్కా. గట్లని పాల దగ్గరికి మాత్రం రానియ్య. ఇంత పచ్చి బొప్పాయి వడ్డదంటె పాలు ఇరిగిపోతయి" అంది మెహరాజ్ బేగం తురుము ఆపకుండా.

ప్రమీలాదేవి కాసేపు ఆ కాయ వైపే చూసింది. మందుల షాపు ప్రవీణ్ మాట ఎక్కడో చెవిలో మోగింది. పని గుర్తొచ్చిందని చెప్పి లేచి ఇంటికి వచ్చి, బియ్యం డ్రమ్ము పక్కన కూలబడింది. ఆరు రోజులుగా పాలు విరగ్గొడుతున్నది తానే. తొమ్మిది ఇళ్ళు ఒక మనిషిని దొంగను చేసింది తన వల్లనే.

నిజం చెబితే బుచ్చయ్య గట్టెక్కుతాడు. కానీ భర్త గోలీ మానేస్తాడు. చెప్పకపోతే భర్త కుర్చీలోంచి లేస్తాడు, బుచ్చయ్య బర్రెలు అంగడికి పోతాయి. ఈ లెక్క ఎట్లా తిప్పినా ఎవరో ఒకరు మునుగుతున్నారు. చాలాసేపు మథనపడ్డాక ఆమెకు ఒక దారి తోచింది. రేపు పొడి వేయకుండా ఉంటే చాలు. పాలు పొంగుతాయి, బుచ్చయ్య పరువు నిలబడుతుంది, గ్రూపులో ప్రకటన పోతుంది. గోలీ కోసం మరో గిన్నె తర్వాత వెతుక్కోవచ్చు. ఇంత సులువైన దారి ఉండగా అనవసరంగా బెంగపడ్డానని తనను తానే తిట్టుకుని లేచింది. గోడ పట్టుకోకుండానే లేచింది గానీ, అది గమనించే తీరికలో లేదు.

శుక్రవారం ఆరు గంటలకే గేటు ముందు ఇరవై మంది చేరారు. సరిగ్గా ఆరుంబావుకు చిన్నకోడూరు వైపు నుంచి ట్రాలీ ఆటో వచ్చింది. అందులోంచి బుచ్చయ్య, అతని వెనక ఒక నల్లటి బర్రె దిగారు. బర్రె ఆ జనాన్ని చూసి పాలు చేపనని మొరాయించింది. ఎవరూ మాట్లాడొద్దని బుచ్చయ్య బతిమాలాడు. వెంకటనర్సయ్య అరుగు మీద నిలబడి, మైకు లేకపోయినా ఉన్నట్టే, అందరూ నిశ్శబ్దం పాటించాలని రెండుసార్లు ప్రకటించాడు. ఆ ప్రకటనకు బర్రె మరింత బెదిరింది.

తర్వాత ఆయన గంజును పైకెత్తి నలువైపులా చూపించాడు. "గీ గంజు నేనే కడిగిన. ఎవ్వలనూ ముట్టనియ్యలే" అన్నాడు. ప్రమీలాదేవికి ఆ మాటతో మిగిలిన కాస్త దిగులూ పోయింది. బియ్యం డ్రమ్ములో డబ్బా మూత కూడా తీయలేదు తను. పాలు బర్రె పొదుగులోంచి నేరుగా గంజులోకే వస్తున్నాయి. ఇక విరగడానికి దారే లేదు. ఆమె నిశ్చింతగా చిన్న పొయ్యిని అరుగు మీదికి తెచ్చి వెలిగించింది.

గంజు పొయ్యెక్కింది. ఇరవై మందీ మెడలు చాచారు. బుచ్చయ్య మాత్రం పాల వైపు చూడలేదు, బర్రె మెడ నిమురుతూ నిలబడ్డాడు. పాలు వేడెక్కాయి. అంచుల వెంట సన్నటి నురగ కట్టింది. ఆ తర్వాత నడిమధ్యన ఒక ముక్క తేలింది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే గంజంతా పచ్చటి నీళ్ళు, తెల్లటి గడ్డలు అయింది.

బుచ్చయ్య వచ్చి గంజులోకి తొంగి చూశాడు. బర్రె వైపు చూశాడు. భుజం మీది తువ్వాల తీసి నాలుగు మడతలు వేసి, అరుగు మెట్టు మీద పెట్టి, దాని పక్కన కూర్చున్నాడు.

"నా బర్రెనే నన్ను మోసం జేసిందా?" అన్నాడు. ఎవరినీ అడిగినట్టు లేదు.

ప్రమీలాదేవి పొయ్యి ఆర్పింది. ఇవాళ తను వేయలేదు. అయినా విరిగాయి. ఒక్క క్షణం, నిజంగానే పాలల్లో లోపముందేమో, నోరు మూసుకుంటే సరిపోతుందేమో అనిపించింది. కానీ కళ్ళ ముందు పిండిన పాలు అవి. మెట్టు మీద కూర్చున్న మనిషి ఇరవై ఆరేళ్ళుగా వానలోనూ ఆగకుండా వచ్చిన మనిషి. ఇవాళ్టి సంగతి దేవుడికే తెలియాలి గానీ, ఆరు రోజుల సంగతి తనకు తెలుసు. ఆమె కొంగు నడుముకు దోపుకుని అందరి ముందుకు వచ్చింది.

"బుచ్చయ్యా, లే. నీ పాలల్ల ఏం లేదు. ఆరొద్దులసంది పాలు ఇరగ్గొట్టింది నేను. సారుకు అరగనీకి డాక్టరమ్మ ఇచ్చిన గోలీ, ఆయనకు తెల్వకుంట పాలల్ల కలిపిన. అది బొప్పాయి మందంట. గిట్లైతదని నాకు నిన్ననే ఎర్కైంది."

మెహరాజ్ బేగం తన గేటు దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెరువు మిత్రులు నలుగురూ ఒకేసారి వెంకటనర్సయ్య వైపు తిరిగారు. రెండు నెలల ఆర్టీసీ ఒళ్ళు గోలీ ఒళ్ళని వాళ్ళకు అర్థమైంది. ఆయన ఆ చూపులను పట్టించుకోలేదు. చాలా మెల్లగా, ఆలస్యంగా వచ్చిన డ్రైవర్ని అడిగినట్టు అడిగాడు.

"ఇయ్యాల గూడ ఏసినవా?"

"ఇయ్యాల ఎయ్యలే. మల్లన్న మీద ఒట్టు."

వెంకటనర్సయ్య గంజు వైపు చూశాడు. అరుగు వైపు చూశాడు. బర్రె వైపు కూడా ఒకసారి చూశాడు, అది ఏమైనా సాయం చేస్తుందేమోనని. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఇయ్యాల ఏసింది నేను."

ప్రమీలాదేవికి ముందు ఆ మాట అర్థం కాలేదు. "నీ మందు నువ్వేసుకున్నవా?" అంది.

"నా మందు గాదు, నీ మందు. పసుపు డబ్బా ఎనుకనున్నది. ఇన్నొద్దులు పప్పుల కలిపిన. శ్రావణంల నీకు ఒక్కపొద్దులాయె, పగటిపూట పప్పు తినవాయె. గందుకని గేటు కాడ పాలల్ల కలుపుతున్న. ఇయ్యాల శుక్కురారం, పాలు దప్ప ఏం తాగవు గదా అని, గంజు కడిగినంక అండ్లనే ఏసిన. డాక్టరమ్మ బల్ల వట్టుకొని లేస్తివి గా దినం. నాకు మంచిగనిపియ్యలే."

నలభై నాలుగేళ్ళుగా ఆ మనిషి నోటి నుంచి వినని మాట ఏదో ఇరవై మంది మధ్య, ఒక బర్రె ముందర విన్నట్టయింది ప్రమీలాదేవికి. రెండు నెలల పప్పు వడ్డన కళ్ళ ముందు మెదిలింది. అది ప్రేమేనని తను సరిగ్గానే పోల్చుకుంది, పొడి సంగతి ఒక్కటే పోల్చుకోలేదు. కొమురవెల్లి మల్లన్నకు పెట్టిన దండాల్లో కొన్ని వెనక్కి తీసుకోవాలా అని కూడా అనిపించింది. కళ్ళు నిండాయి గానీ, జనం ముందు కొంగుతో పొయ్యి మసి తుడిచినట్టు తుడుచుకుంది.

బుచ్చయ్య అప్పటికి లేచి తువ్వాల దులిపి తలకు చుట్టుకున్నాడు. అతనికి ఈ దాంపత్యం మీద పెద్దగా ఆసక్తి లేదు.

"గట్లైతె ఎవ్వల గోలీ వాళ్ళే మింగున్రి. నా పాల జోలికి రాకున్రి" అని, గ్రూపులో మాట తీసేదాకా బర్రెతో సహా అక్కడే ఉంటానన్నాడు.

వెంకటనర్సయ్య కుర్చీ తెప్పించుకుని కూర్చుని, ఫోన్ తీసి, ఒక్కొక్క అక్షరమే నొక్కాడు. "చిన్నకోడూరు పాలు యథావిధిగా నడుచును. లోపము స్థానిక సిబ్బందిది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యమునకు చింతించుచున్నాము." చెరువు మిత్రులు గేటు ముందే తమ ఫోన్లలో చదువుకుని తలలూపారు. తొమ్మిది ఇళ్ళ వాళ్ళూ ఏమీ జరగనట్టు సాయంత్రం పాలకు చెప్పారు. వెంకటనర్సయ్య ఫోన్ జేబులో పెట్టుకుని, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచాడు. ఈసారి ఆర్టీసీ పేరు ఎత్తలేదు. లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చి, ఒకటి భార్య చేతిలో పెట్టి, ఇకనుంచి ఎవరి గోలీ వాళ్ళు ముద్దతోపాటు ఎదురెదురుగా మింగుదామని ఒప్పందం చేసుకున్నాడు.

గంజులో పాలు వృథా చేయడం ప్రమీలాదేవికి నచ్చలేదు. బెల్లం వేసి, యాలకుల పొడి చల్లి, దగ్గరికి ఉడికించి, వచ్చినవాళ్ళందరికీ తలా ఒక చెంచా పంచింది. వెంకటనర్సయ్య రిజిస్టర్ తెరిచి సమయం రాసి, ఎదురుగా కారణం గడిలో తన పేరు, భార్య పేరు రాశాడు. ఆ రోజు సాయంత్రం దాకా ఎదురుచూసి దాని కింద ఇంకో వాక్యం చేర్చాడు: "తిన్నవారు ఇరవై ఇద్దరు. అరగలేదన్న ఫిర్యాదులు లేవు."